ఒక నత్త, 113 పేర్లు

"తాతయ్యా, ఇక్కడ రాయికి మిరియాలు మొలిచాయి" అన్నాడు మా మనవడు.

వాడికి పదేళ్లు. అమ్మాయి వాళ్లు ఉండేది కార్డిఫ్‌లో. సెలవులకని నన్ను వేల్స్ నైరుతి కొసన ఉన్న పెంబ్రోక్‌షైర్ తీరానికి తీసుకెళ్లారు. అక్కడ అట్లాంటిక్ కెరటాలకు అడ్డం పడేది ఏదీ లేదు, వచ్చి నేరుగా రాతిని గుద్దుతాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకూ ఆటుకూ మధ్య నీటిమట్టం తేడా 6 మీటర్లు దాటుతుంది. మన విశాఖలో అది ఒకటిన్నర మీటరు లెక్క. రెండంతస్తుల మేడంత సముద్రం రోజుకు రెండుసార్లు లేచి దిగుతుందన్నమాట. దిగినప్పుడు బయటపడిన రాయి పట్టీలు పట్టీలుగా ఉంటుంది. అడుగున గోధుమరంగు నాచు, దాని పైన బార్నకిల్స్ అనే చిప్ప జీవుల తెల్లటి పొక్కులు, ఆ పైన తారు పూసినట్టు నల్లటి లైకెన్. పోటు నీరు కూడా సరిగ్గా అందని ఆ నల్ల పట్టీలో, తుంపర మాత్రమే తడిపే పగుళ్లలో, గుత్తులుగా ఇరుక్కుని ఉన్నాయి వాడి మిరియాలు.

గోటితో ఒకదాన్ని కదిపి అరచేతిలో వేసుకున్నాం. నత్తే. పొడవు 5 మిల్లీమీటర్లు ఉంటుందేమో. నీలం కలిసిన నలుపు, నున్నటి గుల్ల, కొస సూదిగా ఉంది. వాడు ఫోనుతో ఫొటో తీస్తే అందులోని యాప్ "లిట్టొరినా" అంది. పెళ్లిచూపుల్లో అబ్బాయి ఎవరని అడిగితే ఇంటిపేరు మాత్రం చెప్పి ఊరుకున్నట్టు. ఆ ఇంటిపేరు కూడా, తర్వాత తెలిసింది, పాతది.

నాలుగు మెట్లు కిందికి దిగితే మరో నత్త. కాస్త పెద్దది, గుల్ల మీద గట్లు గట్లుగా గరుకు. ఫోను దానికీ అదే పేరు చెప్పింది. రెండూ ఒకటి కావని పిల్లవాడికి తెలుస్తూనే ఉంది. "మరి ఏది ఏదో ఎలా తెలుస్తుంది?" అని అడిగాడు. ఆ ప్రశ్న మీద జీవితాలు ఖర్చు పెట్టినవాళ్లు ఉన్నారని వాడికి అప్పుడే చెప్పలేదు.

ఇంగ్లిషులో వీటిని పెరివింకిల్స్ అంటారు. మన పెరట్లో పూసే బిళ్లగన్నేరుకూ ఇంగ్లిషులో అదే పేరు. పువ్వుకూ నత్తకూ ఏ చుట్టరికమూ లేదు, రెండు వేర్వేరు పాత మాటలు అరిగి అరిగి ఒకేలా తయారయ్యాయి. లిట్టొరినా అన్న శాస్త్రనామంలో ఉన్నది తీరానికి లాటిన్ మాట. అంటే తీరపు నత్త. బ్రిటన్ రాళ్ల మీద మామూలుగా ఎదురయ్యేవి నాలుగు రకాలు. అన్నిటికన్నా పెద్దది సాధారణ పెరివింకిల్, ఉడకబెట్టి గుండుసూదితో మాంసం లాగి తింటారు. నాచు మీద పసుపు, నారింజ, ఆకుపచ్చ రంగుల్లో, కొస లేకుండా బొండుగా కనిపించేది చదును పెరివింకిల్. గట్ల గుల్లతో ఉండేది గరుకు పెరివింకిల్, లిట్టొరినా సాక్సాటిలిస్. మా మిరియం చిన్న పెరివింకిల్. లినేయస్ 1758లోనే దానికి పేరు పెట్టాడు. చాలాకాలం లిట్టొరినా వంశంలోనే ఉండి, ఇప్పుడు మెలరాఫె నెరిటోయిడెస్ అనిపించుకుంటోంది.

చిన్నది కాబట్టి చిన్న పెరివింకిల్ అనుకుంటే మొదటి అడుగులోనే కాలు జారుతుంది. సాధారణ పెరివింకిల్ పిల్ల కూడా ఒకప్పుడు మిరియమంతే ఉంటుంది. పైగా దాని చిన్నతనంలో గుల్ల మీద గట్లు ఉంటాయి, అందుకని గరుకుదానిలా కనబడుతుంది. గరుకుదానిలో ఒక రకం ఖాళీ బార్నకిల్ చిప్పల్లో కాపురం పెట్టి, పెద్దదయ్యాక కూడా కొద్ది మిల్లీమీటర్లు దాటదు. రంగు సంగతి అసలు ఎత్తకూడదు. తెలుపు, బూడిద, పసుపు, ఎరుపు, చారలది, గళ్లది, అన్నీ ఒకే రాయి మీద ఒకే జాతిలో దొరుకుతాయి.

అందుకే తెలిసినవాళ్లు ముందు నత్తను చూడరు, అది ఉన్న చోటు చూస్తారు. నాచు మీదా, బార్నకిల్స్ మధ్యా, అంతకంటే పైన నల్లపట్టీలోనా? మనిషిని చూడకుండానే వీధిని బట్టి ఊహించడం లాంటిది, తప్పు కావచ్చు గాని సగం పని అయిపోతుంది. తర్వాత గుల్ల నోరు. బయటి పెదవి పై చుట్టును కలిసే చోటు చూడాలి. సాధారణ పెరివింకిల్‌లో పెదవి పై చుట్టును రాసుకుంటూ వాలుగా పోయి కలుస్తుంది. గరుకుదానిలో గోడకు మేకు దిగేసినట్టు దాదాపు లంబకోణంలో తగులుతుంది. ఇక మూడోది చూడాలంటే ఓపిక కావాలి. టిఫిన్ బాక్సు మూతలో సముద్రపు నీళ్లు పోసి నత్తను అందులో పెట్టి కదలకుండా కూర్చోవాలి. కాసేపటికి అది తన గుల్ల నోటికున్న మూత తీసుకుని తల బయటపెడుతుంది, రెండు కొమ్ములు చాస్తుంది. భూతద్దంలో చూస్తే సాధారణ పెరివింకిల్ కొమ్ముల మీద నల్ల గీతలు గాజులు తొడిగినట్టు అడ్డంగా ఉంటాయి, గరుకుదానికి కొమ్ము పొడవునా నిలువుగా ఉంటాయి. మా రెండో నత్త కొమ్ములకు నిలువు గీతలున్నాయి. మనవడు లేచి గంతేశాడు, నీళ్లన్నీ ఒలికాయి.

మిరియం మాత్రం చాలాసేపు మూత తియ్యలేదు. దానికి నీళ్లంటే అంత తొందర లేదు. వారాల తరబడి తడి తగలకపోయినా, జిగురుతో గుల్ల అంచును రాతికి అతికించుకుని, మూత బిగించుకుని ఉండిపోగల ప్రాణి. అసలు సముద్రపు నత్త అంత ఎత్తున, సగం నేలజీవిగా ఎలా స్థిరపడుతుందన్న ప్రశ్నకు గాట్‌ఫ్రీడ్ ఫ్రెంకెల్ 1927లో చెప్పిన జవాబు నాకు భలే ఇష్టం. ఈ నత్తకు తెలిసినవి రెండే సూత్రాలు. మొదటిది, పైకి పాకు. రెండోది, వెలుతురుకు దూరంగా పో. కాని రెండోదానికి ఒక సవరణ ఉంది. నీళ్లలో ఉండి, తలకిందులుగా వేలాడుతున్నప్పుడు మాత్రం వెలుతురు వైపే పో. దీన్ని రాతి మీద నడిపించి చూడండి. నీళ్లలో మునిగిన నత్త పైకి పాకుతుంది. దారిలో పగులు తగిలితే చీకటి కదా అని లోపలికి దూరుతుంది. వెనక గోడెక్కి కప్పు మీదికి చేరేసరికి తలకిందులవుతుంది. వెంటనే సవరణ పనిచేసి వెలుతురు వైపు తిరిగి బయటికొస్తుంది, మళ్లీ పైకి. ఇలా నీటిమట్టం దాటేదాకా ఏ పగులూ దాన్ని పట్టి ఉంచలేదు. నీరు దాటాక దొరికిన పగుల్లో తలకిందులైనా సరే వెలుతురు రమ్మనదు, అక్కడే ఉండిపోతుంది. మెదడు అని చెప్పుకోదగ్గది లేని ప్రాణి, రెండు సూత్రాలతో, ఒక మినహాయింపుతో తన ఇంటికి తాను చేరుతుంది. మా వాడు మిరియాలు చూసిన పగులు అలాంటి ఇల్లే.

చిన్న పెరివింకిల్‌ను గుర్తుపట్టడం ఒకసారి అలవాటైతే కష్టం లేదు. నార్వేలో చూసినా, మధ్యధరా తీరంలో చూసినా అదే సూది కొస, అదే నునుపు. చిక్కంతా గరుకుదానితోనే.

వెనిస్ ఉప్పుటేటికి దక్షిణ కొసన కియోజా అనే ఊరుంది. అక్కడి మతాచార్యుడు జుసెప్పె ఒలివి 1792లో ఏడ్రియాటిక్ సముద్రపు జీవుల మీద పుస్తకం వేశాడు. అప్పటికి అతనికి 23 ఏళ్లు, తర్వాత మూడేళ్లకే పోయాడు. ఆ పుస్తకంలో ఒక నత్తకు సాక్సాటిలిస్, అంటే రాళ్లలో ఉండేది అని పేరు పెట్టాడు. తమాషా ఏమంటే ఇది అసలు ఉత్తర అట్లాంటిక్ నత్త. మధ్యధరాలో అది వెనిస్ ఉప్పుటేట్లో ఏదో మూలన విడిపడి ఉంది, ఒలివి కంట పడింది. అట్లాంటిక్ ఒడ్డునున్నవాళ్లకు ఆ సంగతి పట్టలేదు. 1797లో ఇంగ్లండులో దానికే రూడిస్ అని పేరొచ్చింది. 1803లో నల్లటి వాటికి టెనెబ్రోసా. 1844లో బార్నకిల్ చిప్పల్లో దాక్కునే వాటికి నెగ్లెక్టా, ఎవరూ పట్టించుకోనిది అని. మందంగా ఉంటే ఒక పేరు, పలచగా ఉంటే ఒకటి, గట్లుంటే ఒకటి, లేకపోతే ఇంకొకటి. సముద్రజీవుల పేర్ల ప్రపంచ పట్టికను తయారుచేసేవాళ్లు సుమారు 4,19,000 పేర్లను జల్లెడ పట్టి, అందులో 1,90,000 పైచిలుకు ఒకే ప్రాణికి పడిన మారుపేర్లని 2015లో తేల్చారు. ఆ జాబితాలో మొదటి బహుమతి మన గరుకు పెరివింకిల్‌దే. 113 పేర్లు. విష్ణుమూర్తికి సహస్రనామాలుంటే భక్తి అనుకుంటాం. నత్తకు 113 పేర్లంటే దాన్ని చూసినవాళ్లందరూ నిజంగా తేడాలు చూశారని అర్థం. వాళ్లు కళ్లు లేనివాళ్లు కారు. తేడాలు ఉన్నాయి. అవి జాతికి గుర్తులనుకోవడమే పొరపాటు.

ఈ తేడాలు ఎందుకొచ్చాయో తెలియాలంటే గుల్ల వదిలి కాన్పు సంగతి చూడాలి. చిన్న పెరివింకిల్ గుడ్లను సముద్రంలోకి వదిలేస్తుంది, ఒక్కో గుడ్డుకు ఒక్కో తొడుగు. అందులోంచి వచ్చిన డింభకం కంటికి ఆనని పురుగై కెరటాల మీద వారాలపాటు ఊరేగి, ఏ దేశంలోనో ఒడ్డెక్కుతుంది. తల్లి ఉన్న రాయికీ బిడ్డ చేరే రాయికీ సంబంధం లేదు. సాధారణ పెరివింకిల్‌దీ ఇదే తీరు. గరుకుది అలా కాదు. గుడ్లను తన ఒంట్లోని సంచిలోనే పొదుగుతుంది. పిల్లలు గుల్ల తొడుక్కున్నాకే బయటికొచ్చి తల్లి పక్కనే పాకడం మొదలుపెడతాయి. బతుకంతా కొన్ని మీటర్లలో గడిచిపోతుంది. మన యాసల సంగతే చూడండి. నాలుగు ఊళ్లు తిరిగేవాడి మాటలో ఏ ఊరి యాసా నిలవదు. ఊరు కదలని కుటుంబాల్లో ఏటికి ఈవలొక పలుకు, ఆవలొక పలుకు. గరుకు పెరివింకిల్ ఏ రాతికి ఆ రాతి యాసలో గుల్ల కడుతుంది. పీతలు తిరిగే బండరాళ్ల మధ్యనైతే గుల్ల పెద్దది, మందం ఎక్కువ, నోరు చిన్నది, పీత గిల్లితే పగలకూడదు కదా. కెరటం కొట్టే నిటారు రాతి మీద గుల్ల చిన్నది, పలచనిది, నోరు పెద్దది. పెద్ద నోట్లోంచి పెద్ద పాదం వస్తుంది, పాదం పెద్దదైతే పట్టు గట్టిది. పగుల్లో దూరడానికి చిన్న ఒళ్లు వీలు.

దీన్ని ఊహగా వదిలెయ్యకుండా కళ్లముందు జరిగేలా చూసినవాళ్లు స్వీడన్‌లో ఉన్నారు. 1988లో ఆ దేశపు పడమటి తీరంలో విషపు నాచు పొంగి, సముద్రంలోని చిన్న చిన్న రాతి తిప్పల మీద ఈ నత్తలు చచ్చిపోయాయి. కెర్‌స్టిన్ యోహన్నెసన్ 1992లో అలా ఖాళీ అయిన ఒక తిప్ప మీదికి, దగ్గరి తీరం నుంచి పీతలకు అలవాటుపడ్డ లావు గుల్లల నత్తలను తెచ్చి వదిలింది. తిప్ప మీద పీతలు లేవు, కెరటాలే. ఈ నత్తకు ఏడాదికి ఒకటి రెండు తరాలు. చూస్తుండగా గుల్లలు చిన్నవయ్యాయి, పలచబడ్డాయి, నోళ్లు పెద్దవయ్యాయి. 30 ఏళ్ల లెక్క 2024లో అచ్చయింది. తెచ్చిన నత్తల సంతానం, అక్కడ ఒకప్పుడుండి చచ్చిపోయిన కెరటపు నత్తల్లా మారిపోయింది. ఒక మనిషి ఉద్యోగ జీవితంలో పట్టేంత కాలంలో. 1992లో ఒకడు, 2024లో ఒకడు ఆ తిప్ప మీదికెళ్లి గుల్లలు ఏరి ఉంటే, ఒలివి కాలంలో అయితే రెండు జాతులని రాసేవాళ్లే.

ఇల్లు కదలని నత్త ఎక్కువ దూరం వ్యాపించదనుకుంటాం. స్కాట్లాండ్ దీవులకు పడమరగా 300 కిలోమీటర్ల దూరంలో, నడిసముద్రంలో రాకాల్ అనే ఒంటరి రాయి ఉంది. దాని మీద గరుకు పెరివింకిల్ ఉంది, కెరటాల మీద తిరిగే సాధారణ పెరివింకిల్ లేదు. యోహన్నెసన్ దీన్ని 1988లో ఒక చిక్కుముడిగా ముందుంచి తానే విప్పింది. నీళ్లలో తిరిగే డింభకం ఒక్కటి రాకాల్ చేరినా ఏం లాభం? జత కావాలి, జత దొరికినా పిల్లలన్నీ మళ్లీ సముద్రం పాలే. గరుకుది అయితే చూలుతో ఉన్న ఆడది ఒక్కటి, కొట్టుకొచ్చిన నాచు పట్టుకునో మరెలాగో చేరిందంటే చాలు, ఆ రాయి నిండుతుంది.

ఇంత తెలిశాక 113 పేర్లూ కొట్టేసి ఒక్కటే ఉంచితే కథ ముగియాలి. ముగియలేదు. 1978లో హనఫర్డ్ ఎల్లిస్ అనే పరిశోధకురాలు ఈ గరుకు గుల్లల్లోనే మరో జాతి దాగి ఉందని చూపించింది. గుల్లలో తేడా లేదు, కొమ్ముల గీతల్లో లేదు. ఆడదాన్ని కోసి చూస్తే కడుపులో పిల్లల సంచి లేదు, దాని చోట జిగురు గ్రంథి ఉంది. అది పిల్లల్ని పెట్టదు, జిగురు ముద్దలో గుడ్లు పెట్టి రాతికి అంటిస్తుంది. దానికి ఆర్కానా అని పేరు పెట్టింది, లాటిన్‌లో రహస్యమైనది అని. అంటే 113 పేర్లు పెట్టిన పండితుల గుంపు, నిజంగా వేరే పేరు కావలసిన నత్తను గుర్తుపట్టకుండా వదిలేసింది. మగవాటి సంగతైతే ఇంకా కష్టం, వాటి జననాంగం మీది గ్రంథులు లెక్కపెట్టుకోవాలి. లండన్ నాచురల్ హిస్టరీ మ్యూజియంలో డేవిడ్ రీడ్ ఈ వంశమంతటినీ ఇలాంటి లోపలి గుర్తులతో సరిచూసి 1996లో లావుపాటి గ్రంథం వేశాడు. నత్తల పేర్ల చిక్కులు విప్పాలంటే ఇప్పటికీ ముందు తీసేది అదే.

రీడ్ అంతకుముందు చేసిన పని మనవైపు తీరాలకు చెందింది. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల మడ అడవుల్లో చెట్ల కొమ్మలకూ ఆకులకూ అంటుకుని ఈ కుటుంబపు నత్తలే ఉంటాయి, మన కోరంగిలో పడవెక్కినా కనబడతాయి. వాటిలో చాలావాటిని స్కాబ్రా అనే ఒకే జాతిగా, రకరకాల రూపాలున్న జాతిగా 1970 దాకా పెద్ద గ్రంథాలే లెక్కగట్టాయి. రీడ్ 1986లో విడదీసి చూపితే ఆ ఒక్క పేరు కింద పలు జాతులు బయటపడ్డాయి. అట్లాంటిక్‌లో ఒక నత్తకు వంద పేర్లు, మన మడ అడవుల్లో ఎన్నో నత్తలకు ఒక్క పేరు. అక్కడ రెండు శతాబ్దాలు ఒడ్డున తిరిగి గుల్లలు ఏరినవాళ్లు ఎక్కువైతే, ఇక్కడ బురదలో దిగి చూసినవాళ్లు తక్కువ, నాకు తోచిన కారణం అది.

విశాఖలో తెన్నేటి పార్కు దిగువన, జోడుగుళ్లపాలెం దగ్గర ఎర్రమట్టి రంగు ఖోండలైట్ రాళ్ల మీద మనం చెప్పులతో తొక్కుకుంటూ పోయేది లిట్టొరేరియా అండులేటా. అండులేటా అంటే అలలదని. గుల్ల మీద గీతలు నిజంగానే అలల్లా వంకర్లు పోతాయి. 1950ల నుంచీ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పి.ఎన్. గణపతి, ఆయన శిష్యులు వాల్తేరు రాళ్ల మీద ఏ ఎత్తున ఏ ప్రాణి ఉంటుందో పరిశీలించారు. అప్పటి రాతల్లో ఇదీ లిట్టొరినాయే, ఇంటిపేరు తర్వాత మారింది. మన రాళ్ల మీద చలి సమస్య కాదు, ఎండ. ఈ కుటుంబంలోనే గుల్ల మీద ముత్యాల్లాంటి బొడిపెలున్న ఎకినోలిట్టొరినా అనే వంశం ఉంది, మన తీరాల్లోనూ ఉంది. హాంకాంగ్, బ్రూనై వైపు వాటిని పరిశీలిస్తే, 50 డిగ్రీలు దాటిన రాతి మీద కూడా చావకుండా ఉన్నాయి. పాదం లోపలికి లాక్కుని, మూత వేసుకుని, ఒంటి పని బాగా తగ్గించేస్తాయి. గుల్ల అంచును ఒక చుక్క జిగురుతో అంటించుకుని నిలబడతాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కి గోపురంలా కూడా. రాతికి ఆనేది అంచు మాత్రమే, అందుకని ఒళ్లు కాలదు. రోహిణి కార్తె మిట్టమధ్యాహ్నం రాతి మీద నిలబడి చూస్తే ఆ తెలివి విలువ కాళ్లకు తెలుస్తుంది.

పెంబ్రోక్‌షైర్‌లో ఆ సాయంత్రం గాలి మాత్రం కోతగా ఉంది. మనవడు నోటు పుస్తకం తీసి బొమ్మలు వేసుకున్నాడు. మిరియం పక్కన మెలరాఫె నెరిటోయిడెస్ అని, అది ఉన్న ఎత్తు, పగులు, తడి సంగతి రాశాడు. గరుకు నత్త బొమ్మ పక్కన సాక్సాటిలిస్ అని రాసి, "ఇది ఖాయమేనా?" అన్నాడు. ఆర్కానా కథ అప్పుడు చెప్పాను. ఖాయం చెయ్యాలంటే దీన్ని చంపి, కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టాలి, అదీ ఇది ఆడదైతే తేలికగా, మగదైతే ఇంకాస్త కష్టపడి. వాడు నత్త వైపు చూశాడు. టిఫిన్ బాక్సు మూతలో మిగిలిన కాసిన్ని నీళ్లలో అది నిలువు గీతల కొమ్ములు చాచి అంచు ఎక్కుతోంది.

పెన్సిలు తీసుకుని సాక్సాటిలిస్ పక్కన ఒక గీత గీసి, గీతకు అవతల ఆర్కానా అని రాశాడు. తర్వాత నత్తను తీసిన చోటే పెడదామని రెండు మెట్లు కిందికి దిగాడు. ఆ రాతిని అప్పటికే పోటు ముంచేసింది. చేతికందిన ఎత్తులో తడిగా ఉన్న ఒక పగుల్లో పెట్టి వచ్చాడు.